పెద్దనాయనిపేట నుంచి లాయిడ్స్ రోడ్డు దాకా: మద్రాసు యూదుల మరణ విధులు

చెన్నైకి పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న తిరువళ్ళూరు వీరరాఘవస్వామి ఆలయం వైష్ణవులకు దివ్యదేశం మాత్రమే కాదు, చుట్టుపక్కల తమిళ, తెలుగు కుటుంబాలు పితృదేవతలను తలుచుకునే క్షేత్రం కూడా. అమావాస్యనాడు, అందులోనూ తమిళులు తై అమావాస్య అని పిలిచే పుష్య బహుళ అమావాస్యనాడు, హృత్తాపనాశిని అనే ఆలయ పుష్కరిణిలో మునిగి, నువ్వులు నీళ్ళు వదిలి, తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పుకోవడానికి జనం అక్కడికి వస్తారు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి మారిన తిరుత్తణి తాలూకా తెలుగు ఇళ్ళవారికి కూడా తద్దినం, లేదా అక్కడి వాడుకలో దివసం, ఏటేటా తిథి చూసుకుని జరుపుకోవలసిన కర్తవ్యమే. ఈ రెండు ఊళ్ళలో యూదుల పేట ఎన్నడూ లేదు. అయితే వీటికి తూర్పున, తెలుగు పేరే పెట్టుకున్న మద్రాసు పెద్దనాయనిపేటలో, 17వ శతాబ్దం చివర యూదులు తమ చనిపోయినవారికి ఒక స్థలం సంపాదించుకుని, పూర్తిగా వేరైన శాస్త్రం ప్రకారం వారిని సాగనంపారు. ఆ శాస్త్రం ఏమిటో, అది ఈ నేల మీద ఎలా నిలిచిందో, ఎందుకు నిలవలేకపోయిందో తెలుసుకోవడం తెలుగువారి చరిత్రకు బయటి విషయం కాదు, ఎందుకంటే ఆ యూదులను ఇక్కడికి రప్పించినవి కృష్ణా తీరపు వజ్రాలే.

మధ్యధరా సముద్రంలో దొరికే పగడానికి దక్షిణ భారతంలోనూ, గోల్కొండ రాజ్యంలో తవ్వితీసే వజ్రానికి ఐరోపాలోనూ గిరాకీ ఉండేది. లండన్, ఆమ్‌స్టర్‌డామ్, ఇటలీలోని లివోర్నో నగరాలలో స్థిరపడిన యూదు వర్తకులు పగడం పంపి వజ్రం తెప్పించుకునే వ్యాపారంలో ఆరితేరారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారిని మద్రాసులో ఉండనిచ్చింది. ముత్యాలపేటలో నేటికీ ఉన్న పగడాల వర్తకుల వీధి, తమిళంలో పవళక్కార తెరువు, ఆ వ్యాపారం విడిచివెళ్ళిన పేరే. 1688లో మద్రాసు నగర కార్పొరేషన్ ఏర్పడినప్పుడు నియమితులైన 12 మంది ఆల్డర్‌మెన్‌లలో మూడు స్థానాలు యూదు వర్తకులకు దక్కాయి. అదే సభలో చిన్న వెంకటాద్రి వంటి స్థానిక వర్తకులు కూడా ఉండేవారు.

వీరిలో మొదటి తరానికి చెందిన జాక్ డి పైవా పోర్చుగీసు మూలాలున్న ఆమ్‌స్టర్‌డామ్ యూదుడు. పెద్దనాయనిపేటలో, మింట్ వీధి వైపు, యూదుల శ్మశానవాటిక ఏర్పడటం ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. వజ్రాల కోసం గోల్కొండ గనులకు వెళ్ళిన ఆయన అక్కడ జబ్బుపడి, మద్రాసు చేరుకుని, 1687లో మరణించి, తాను ఏర్పాటు చేసిన నేలలోనే విశ్రమించాడు. గోల్కొండ కోట ఔరంగజేబు వశమైన సంవత్సరం కూడా అదే. ఆయన భార్య హియరోనిమా తరువాత మద్రాసు గవర్నరు ఎలిహు యేల్‌తో కలిసి జీవించిన సంగతి ఇంగ్లీషు చరిత్రకారులు విస్తారంగా రాశారు గానీ, ఆమె భర్తను పాతిపెట్టిన తీరు మీద అంత శ్రద్ధ పెట్టలేదు. చరిత్ర దృష్టితో చూస్తే ఎక్కువ విలువ ఉన్నది ఆ రెండో సంగతికే.

ఆ విలువ తెలియాలంటే డి పైవా వంటివారి పూర్వులు ఎక్కడి నుంచి వచ్చారో చూడాలి. స్పెయిన్ 1492లో యూదులను వెళ్ళగొట్టింది, పోర్చుగల్ 1497లో వారికి బలవంతంగా బాప్తిస్మం ఇప్పించింది. పైకి క్రైస్తవులుగా బతుకుతూ లోపల పాత మతాన్ని దాచుకున్న కుటుంబాలను పట్టుకోవడానికి ఇన్‌క్విజిషన్ అనే మతవిచారణ సంస్థ కొన్ని ఆనవాళ్ళ జాబితాలను చర్చిలలో చదివించేది. పొరుగింటివారు కనిపెట్టి ఫిర్యాదు చేయవలసిన ఆ ఆనవాళ్ళలో చావింటి ఆచారాలు అనేకం ఉన్నాయి: శవాన్ని గోరువెచ్చని నీటితో కడగడం, కొత్త నారబట్ట చుట్టడం, చావు జరిగిన ఇంట కుండలలోని నీళ్ళు పారబోయడం, తక్కువ ఎత్తు బల్లల దగ్గర కూర్చుని గుడ్లు, చేపలు తినడం. తల్లికి చివరి స్నానం చేయించినందుకు కొడుకు విచారణకు గురికావలసిన కాలం అది. గోవాలో కూడా పోర్చుగీసువారు 1560లో అదే న్యాయస్థానాన్ని నెలకొల్పారు. అటువంటి వంశాలవారు మద్రాసులో పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, తమ హీబ్రూ అక్షరాలు చెక్కిన రాయి కింద తమవారిని పాతిపెట్టగలిగారంటే, వారికి అది వజ్రాల లాభం కంటే తక్కువది కాదని అర్థం చేసుకోవచ్చు.

యూదుల శాస్త్రంలో చావుకు సంబంధించిన పనులన్నీ రెండు మూలసూత్రాల మీద నిలుస్తాయి. మొదటిది, కన్నుమూసినవారి గౌరవం. రెండవది, మిగిలినవారి ఓదార్పు. ఖననం పూర్తయ్యేదాకా మొదటి సూత్రానిదే ఏలుబడి, ఆ తరువాత రెండవదానిది. ప్రాణం పోయిందని తెలియగానే దగ్గరివారు దేవుణ్ణి సత్యమైన న్యాయాధిపతిగా స్తుతించే ఒక చిన్న వాక్యం పలుకుతారు. ఆ క్షణం నుంచి ఖననం దాకా తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, భర్త, భార్య, తోబుట్టువు ‘ఓనెన్’ అనే స్థితిలో ఉంటారు. అంటే అంత్యక్రియల ఏర్పాటు తప్ప మరే మతవిధీ, రోజువారీ ప్రార్థన సహా, వారికి వర్తించదు. శవాన్ని ఒంటరిగా వదలరు, పక్కన ఎవరో ఒకరు కీర్తనలు చదువుతూ కూర్చుంటారు. వీలైతే ఆ రోజే, తప్పితే మరునాడే పాతిపెట్టాలి. సబ్బాతు రోజున, అనగా శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా, ఖననం జరపరు. దహనం నిషిద్ధం. మట్టి నుంచి వచ్చిన దేహం మట్టికే చేరాలన్న నమ్మిక బలమైనది కాబట్టి శవాన్ని త్వరగా, సాదాగా నేలలో ఉంచడమే ధర్మం.

శవాన్ని సిద్ధం చేసే పని బంధువులది కాదు, కూలివారిదీ కాదు. ఊరి యూదులలో భక్తిగల వారు స్వచ్ఛందంగా చేరే ‘హెవ్రా కదీషా’ అనే సంఘానిది ఆ బాధ్యత. పోర్చుగీసు యూదులు ఈ సభ్యులను ‘లవదోరెస్’, అంటే కడిగేవారు, అని పిలిచేవారు. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు ఈ సేవ చేస్తారు. ముందు దేహాన్ని శుభ్రపరిచి, తరువాత ‘కవ్’ అనే పాత కొలతలో తొమ్మిది పాళ్ళ నీటిని ధార తెగకుండా పోస్తారు. ‘తహరా’, అంటే శుద్ధి, అనే ఈ క్రియలో దేహాన్ని బోర్లా తిప్పకూడదు, దాని మీదుగా వస్తువులు అందించుకోకూడదు, అనవసరపు మాటలు మాట్లాడకూడదు. పని ముగిశాక తమ చేతుల్లో ఏదైనా అమర్యాద జరిగి ఉంటే మన్నించమని చనిపోయిన మనిషినే పేరుపెట్టి వేడుకుంటారు. ఈ సేవ చేసినవారికి ఆ మనిషి తిరిగి ఏ మేలూ చేయలేడు గనుక, యూద గ్రంథాలు దీనిని కల్మషం లేని దయ అని గౌరవించాయి. తెలుగు పల్లెలలో చావు పనులు చేసేవారిని తరతరాలుగా ఊరికి దూరంగా ఉంచిన వ్యవస్థ పక్కన ఈ సంఘాన్ని పెట్టి చూడటం అవసరం. శవాన్ని ముట్టడం యూదులకూ మైలే. కానీ ఆ పని చేయడానికి సమాజంలోని పెద్దలు పోటీపడేవారు, దానివల్ల వారి పరువు పెరిగేదే గాని తరిగేది కాదు.

స్నానం తరువాత తెల్లని నారబట్టతో కుట్టిన వస్త్రాలు తొడుగుతారు. వీటికి జేబులుండవు, విడిపోని ముడులు వేయరు. ధనవంతుడికీ బీదవాడికీ బట్ట ఒకటే. ఈ సమానత్వానికి ఒక చరిత్ర ఉంది. క్రీస్తు తరువాతి తొలి శతాబ్దాలలో పాలస్తీనాలో అంత్యక్రియల ఖర్చు ఎంతగా పెరిగిందంటే, చావు కంటే ఆ ఖర్చే బంధువులకు బరువై, కొందరు శవాన్ని విడిచి పారిపోయేవారని తల్మూదు, అంటే యూద ధర్మశాస్త్ర చర్చల మహాసంకలనం, చెబుతుంది. అప్పుడు పెద్ద గురువైన రబ్బాన్ గమలియేలు తనను సాదా నారబట్టలోనే పాతిపెట్టమని ఆజ్ఞాపించాడు. ఆయనకే అలా జరిగాక మిగిలినవారికి ఆడంబరం అవసరం లేకపోయింది. కర్మకాండల కోసం అప్పులపాలయ్యే కుటుంబాలు నేటికీ కనిపించే తెలుగునాట ఈ ఒక్క సంస్కరణ గురించి తెలుసుకున్నా ప్రయోజనం ఉంటుంది.

సెఫార్దీలు, అంటే స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులు, ఖననానికి ముందు శవపేటిక చుట్టూ ఏడుసార్లు ప్రార్థనలు చదువుతూ తిరుగుతారు. చిల్లుపడిన కుండ భుజాన పెట్టుకుని కర్త చితి చుట్టూ మూడుసార్లు తిరగడం చూసినవారికి ఈ దృశ్యం పూర్తిగా కొత్తది కాదు, అయితే యూదులలో తిరిగేది ఒక్క కొడుకు కాదు, సమాజం. సమాధిలో మట్టి వేయడం కూడా అందరి పని. పారను ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించకుండా నేల మీద పెట్టగా తీసుకునే వాడుక చాలాచోట్ల ఉంది, దుఃఖం చేతులు మారకూడదన్న భావంతో. శ్మశానం నుంచి బయటికి వచ్చేటప్పుడు చేతులు కడుక్కుంటారు. పురాతన కాలంలో శవస్పర్శ మైల పోవడానికి ఎర్రని ఆవు బూడిద కలిపిన నీళ్ళు చల్లేవారు. సా.శ. 70లో యెరూషలేము దేవాలయం నాశనమయ్యాక ఆ విధి ఆగిపోయింది. అయినా పురోహిత వంశస్థులైన కోహెన్‌లు దగ్గరి బంధువుల కోసం తప్ప శ్మశానంలో అడుగుపెట్టని నియమం మాత్రం నేటికీ సాగుతోంది. వీధిలో శవం ఉన్నంతసేపు గుడిలో నైవేద్యం పెట్టని ఊళ్ళ వారికి ఆ పట్టుదల వెనకనున్న ఆలోచన వేరే చెప్పనక్కరలేదు.

ఖననం సమయంలో దగ్గరివారు వేసుకున్న బట్టను చింపుకుంటారు. దీనిని ‘కెరియా’ అంటారు. తెలుగు బైబిలు చదివినవారికి యాకోబు తన కొడుకు చనిపోయాడనుకుని బట్టలు చింపుకున్న కథ తెలుసు, ఇది దాని కొనసాగింపే. తల్లిదండ్రుల కోసమైతే గుండె ఉన్న ఎడమవైపు, ఇతరుల కోసమైతే కుడివైపు చింపాలి. ఇతరుల కోసం చింపినదానిని ముప్పై రోజుల తరువాత చక్కగా కుట్టుకోవచ్చు. తల్లిదండ్రుల కోసం చింపినది మాత్రం ఎన్నటికీ పూర్వంలా కుట్టకూడదు, వదులు కుట్లతో సరిపెట్టుకోవలసిందే. అమ్మా నాన్నల లోటు ఎప్పటికీ పూడదన్న మాటను ఒక దర్జీ నియమంగా మార్చిన ఈ శాసనం మానవ హృదయాన్ని ఎంతో లోతుగా ఎరిగినది.

ఇంటికి వచ్చాక మొదలయ్యే దుఃఖకాలం మెట్లు మెట్లుగా దిగుతుంది. మొదటి ఏడు రోజులు ‘షివా’, ఆ పదానికి అర్థం ఏడు అనే. దుఃఖించేవారు ఇల్లు కదలరు, నేల మీదో పొట్టి పీటల మీదో కూర్చుంటారు, తోలు చెప్పులు తొడగరు, క్షౌరం చేయించుకోరు, అద్దాలకు గుడ్డ కప్పుతారు, ఎవరినీ కుశలమడగరు. చూడవచ్చినవారు కూడా వారు నోరు విప్పేదాకా తాము మాట్లాడకూడదు. యోబు స్నేహితులు అతనితో పాటు ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారన్న కథ ఈ మర్యాదకు ఆధారం. శ్మశానం నుంచి వచ్చాక తినే మొదటి ముద్ద సొంత ఇంటిది కాకూడదు, పొరుగువారు తెచ్చి పెట్టాలి. చావింట పొయ్యి వెలిగించకుండా వియ్యంకులో ఇరుగుపొరుగువారో అన్నం పంపే తెలుగువారి పద్ధతికి ఇది అచ్చమైన జంట. ఆ భోజనంలో ఉడికించిన గుడ్డు, తెలుగువారు మైసూరుపప్పు అని పిలిచే మసూర గింజలు ఉంటాయి. ఆ గింజ చక్రంలా గుండ్రనిది, దుఃఖమూ లోకంలో చక్రంలా తిరుగుతూ ఒక్కొక్కరి గుమ్మం తొక్కుతుంది. ఇతర పప్పుగింజలకు ఉండే గాడి దానికి ఉండదు, దుఃఖించేవాడికీ మాట ఉండదు. ఏశావు జ్యేష్ఠత్వాన్ని అమ్ముకుని తిన్న మసూర గింజల వంటకం నిజానికి అబ్రాహాము చనిపోయిన రోజున యాకోబు వండిన దుఃఖభోజనమేనని రబ్బీలు, అంటే మతగురువులు, వ్యాఖ్యానించారు.

ఏడు రోజుల తరువాత ముప్పయ్యో రోజు దాకా ‘షెలోషీమ్’. పనిపాటలు మొదలుపెట్టవచ్చు గాని పెళ్ళిళ్ళకు, వేడుకలకు వెళ్ళకూడదు. భార్యకు, భర్తకు, బిడ్డకు, తోబుట్టువుకు విధించిన దుఃఖం అక్కడితో ముగుస్తుంది. తల్లిదండ్రులకు మాత్రం పన్నెండు నెలలు పాటించాలి. ఆ కాలంలో కొడుకు రోజూ ప్రార్థనా సమావేశంలో ‘కద్దీష్’ అనే స్తోత్రం చదువుతాడు. అరమాయిక్ భాషలోని ఆ స్తోత్రంలో చావు మాట ఒక్కటైనా లేదు, దేవుని నామం గొప్పదనే ప్రకటన తప్ప. పాపుల ఆత్మలకు పన్నెండు నెలల పాటు శిక్ష ఉంటుందని ఒక పాత అభిప్రాయం. పన్నెండు నెలలూ కద్దీష్ చదివితే తండ్రిని పాపిగా ఒప్పుకున్నట్టవుతుందని కొడుకులు పదకొండు నెలలకే ఆపే ఆచారం పుట్టింది. మాసికాలతో ఏడాది పొడుగునా ప్రేతయాత్రకు తోడునిచ్చి, సంవత్సరీకంతో తండ్రిని పితృదేవతల వరుసలో చేర్చే తెలుగు కుటుంబాలకు ఆ పన్నెండు నెలల లెక్క పరాయిది కాదు.

ఒక్క విషయంలో మాత్రం రెండు దారులు ఎదురెదురుగా నడుస్తాయి. తెలుగు ఇళ్ళలో మైల పండుగను ఆపుతుంది, ఏడాది తిరిగేదాకా ఆ ఇంట పండుగ ఉండదు. యూదులలో పండుగ మైలను ఆపుతుంది. షివా మొదలైన తరువాత పస్కా వంటి పెద్ద పండుగ వస్తే, మిగిలిన రోజులన్నీ రద్దయిపోతాయి, దుఃఖించేవాడు లేచి సమాజంతో పాటు పండుగ చేసుకోవలసిందే. ఒక కుటుంబపు కన్నీటి కంటే ప్రజలందరి ఆనందాన్ని ముందుంచిన ఈ నిర్ణయంలో కాఠిన్యం లేకపోలేదు, కానీ దేశదేశాలకు చెదిరిపోయిన జనాన్ని ఒక్కటిగా కట్టి ఉంచినవి ఇటువంటి నిర్ణయాలే. ఇటువంటి తేడా అమావాస్య దగ్గర కూడా కనిపిస్తుంది. తిరువళ్ళూరులో అమావాస్య పితరులది. యూదుల నెల ఆ అమావాస్య వెనువెంట పుడుతుంది, ఆ నెల మొదటిరోజు చిన్న పండుగ కనుక ఆనాడు చనిపోయినవారిని పొగుడుతూ సంస్మరణ ప్రసంగం చేయకూడదు.

ఏటేటా వచ్చే మరణదినాన్ని ఐరోపా యూదులు ‘యార్‌జైట్’ అంటారు, సెఫార్దీలలో ‘నహలా’ వంటి పేర్లున్నాయి. ఆనాడు ఇంట దీపం వెలిగించి, కద్దీష్ చదివి, దానం చేస్తారు. తద్దినం తారీఖును బట్టి కాక తిథిని బట్టి వచ్చినట్టే ఈ దినం కూడా హీబ్రూ చాంద్రమాన తిథిని బట్టి వస్తుంది. హీబ్రూ పంచాంగంలో 19 సంవత్సరాలకు ఏడు అధికమాసాలు, తెలుగు పంచాంగంలోనూ లెక్క దాదాపు అంతే. కనుక అధికమాసం వచ్చిన ఏట తద్దినం ఏ నెలలో పెట్టాలన్న సందేహం పురోహితులకు ఎలా వస్తుందో రబ్బీలకూ అలాగే వచ్చింది. అదార్ అనే నెలలో చనిపోయినవారికి, రెండు అదార్‌లు వచ్చిన సంవత్సరంలో, రెండవ అదార్‌లో జరపాలని సెఫార్దీ ధర్మశాస్త్రం, మొదటిదానిలో జరపాలని మధ్య, తూర్పు ఐరోపా యూదుల సంప్రదాయం తీర్పు చెప్పాయి. ఎన్నడూ కలుసుకోని రెండు పండిత సంప్రదాయాలు ఆకాశంలోని ఒకే చంద్రుణ్ణి చూసి, కన్న తండ్రిని ఏ రోజున తలుచుకోవాలా అని ఒకే తీరున మథనపడ్డాయి. పోలికలన్నిటిలో మనసును ఎక్కువగా తాకేది ఇదే.

అయితే ఈ కర్మకాండ అంతటికీ ఒక షరతు ఉంది. కద్దీష్‌ను ఒంటరిగా చదవకూడదు. సంప్రదాయం ప్రకారం పదమూడేళ్ళు దాటిన పదిమంది పురుషులు ఒకచోట చేరితేనే ‘మిన్యాన్’ అనే సమావేశం పూర్తవుతుంది, తొమ్మిదిమంది ఉంటే కద్దీష్ లేదు. హృత్తాపనాశిని గట్టున దర్భలు, నువ్వులు, నీళ్ళు, ఒక కర్త ఉంటే తర్పణం జరిగిపోతుంది. కర్త ఊరు మారితే మరో ఏటి ఒడ్డున, దేశం మారితే ఇంటి పెరట్లో అదే పని చేసుకోగలడు. యూదుల మరణ విధికి కుటుంబం చాలదు, సమాజం కావాలి. మద్రాసులో ఆ పదిమంది కొంతకాలమే దొరికారు. హాలెండ్ నుంచి వచ్చిన వజ్ర పరీక్షకుడు ఐజక్ అబెందానా 1709లో మద్రాసులోనే మరణించాడు, లివోర్నో పగడపు వ్యాపారానికి చెందిన ఫ్రాంకో కుటుంబం వారు ఆ తరువాతి దశాబ్దాలలోనూ ఇక్కడ ఉన్నారు. 1720లలో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాక గోల్కొండ గనుల ప్రాభవం తగ్గింది, కర్ణాటక యుద్ధాలతో తీరం అల్లకల్లోలమైంది, వర్తకులు ఒక్కొక్కరుగా తరలిపోయారు. 18వ శతాబ్దం గడిచేకొద్దీ మద్రాసులో సమాధులు మిగిలాయి గాని వాటి దగ్గర కద్దీష్ చదవడానికి పదిమంది మిగలలేదు.

యూదులు శ్మశానాన్ని హీబ్రూలో ‘బెత్ హైయీమ్’, అంటే జీవుల ఇల్లు, అంటారు. ఆమ్‌స్టర్‌డామ్ పోర్చుగీసు యూదులు 1614లో అవుదర్‌కర్క్ గ్రామంలో నెలకొల్పిన ప్రసిద్ధ శ్మశానం పేరు కూడా అదే. సమాధి స్థలం అద్దెకు తీసుకునేది కాదు, శాశ్వతంగా కొనవలసినది. ఆదికాండంలో అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహను ఊరకే ఇస్తామన్నా వినకుండా 400 తులముల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. వాగ్దాన దేశంలో ఆ జాతి సొంతం చేసుకున్న మొదటి భూమి ఒక సమాధి. ఒకసారి పాతిన దేహాన్ని కదపకూడదు. పవిత్రభూమికి తీసుకువెళ్ళడానికో, నీటిముంపు, అపవిత్రత వంటి అపాయం తప్పించడానికో తప్ప ధర్మశాస్త్రం ఒప్పుకోదు. అలా ఎముకలను కదిపిన రోజున కన్నబిడ్డలు, ఎన్నేళ్ళ నాటి చావైనా సరే, సాయంకాలం దాకా మళ్ళీ బట్ట చింపుకుని నేల మీద కూర్చోవాలి. భారతదేశంలో దొరికిన హీబ్రూ శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా పేరొందినది కూడా ఒక సమాధి రాయే: కేరళలోని చెందమంగలంలో 1269 నాటి సారా అనే స్త్రీ రాయి. కొంకణ తీరపు బెనే ఇజ్రాయేల్ యూదులు తమ పూర్వుల ఓడ నవగావ్ దగ్గర బద్దలైందనీ, మునిగిపోయినవారిని రెండు దిబ్బల కింద పాతిపెట్టారనీ చెప్పుకుంటారు. వారి కథ సైతం సమాధులతోనే మొదలవుతుంది.

మద్రాసు మాత్రం సమాధులను కుదురుగా ఉండనిచ్చిన నగరం కాదు. 1758–59లో ఫ్రెంచివారు కోటను ముట్టడించినప్పుడు ఇంగ్లీషువారి పాత శ్మశానంలోని సమాధులు శత్రువుకు చాటుగా పనికివచ్చాయి. ముట్టడి తొలగాక ఆ రాళ్ళను పెకలించి సెంట్ మేరీస్ చర్చి ఆవరణలో పరిచారు. ఏలినవారి సమాధులకే ఆ గతి పట్టిన ఊరిలో, వారసులు లేని యూదుల రాళ్ళు ఇరవయ్యో శతాబ్దం దాకా నిలవడమే విశేషం. 1930లలో పాఠశాల అవసరం కోసం పెద్దనాయనిపేట స్థలం పోయింది, రాళ్ళు చోటు మారాయి. 1980లలో మళ్ళీ మారి, నేడు అవ్వై షణ్ముగం సాలై అని పిలిచే లాయిడ్స్ రోడ్డులో చిన్న ఆవరణకు చేరాయి. తిరువళ్ళూరు జిల్లాలోనే ఉన్న పులికాట్‌లో డచ్చివారి శ్మశానం, ద్వారానికి ఇరువైపులా చెక్కిన అస్థిపంజరాలతో సహా, పురావస్తు శాఖ రక్షణలో తన చోటనే నిలిచి ఉంది. ఒకే తీరంలో, ఒకే శతాబ్దంలో వర్తకం కోసం వచ్చిన రెండు జనాల సమాధులకు ఇంత వేరైన గతులు పట్టడానికి కారణం రాళ్ళ విలువలో తేడా కాదు, మాట్లాడే దిక్కు లేకపోవడమే.

తెలుగు గడ్డ మీద యూదుల మరణాచారం మరో రూపంలో, మరో కారణంతో నేడు కనిపిస్తుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మాదిగ మూలాలున్న కొన్ని పదుల కుటుంబాలు తాము ఇజ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటూ, బెనే ఎఫ్రాయిము అనే పేరుతో, 1991లో ప్రార్థనామందిరం కట్టుకుని యూద విధులు పాటిస్తున్నాయి. శ్మూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరులు ఆ ఉద్యమానికి నాయకులు. వారి వాదనలో పూర్వాచారాలకు, శవాన్ని పాతిపెట్టే అలవాటు సహా, చోటుంది. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఆంధ్ర యూదుల మీద వెలువరించిన పుస్తకం ఈ సమాజాన్ని కులం, మతం రెండింటి వెలుగులో పరిశీలించింది. ఖననం ఒక్కటే యూద మూలానికి రుజువు కాజాలదు, ఎందుకంటే లింగాయతులు మొదలుకొని అనేక దళిత కులాల దాకా పాతిపెట్టేవారు తెలుగునాట ఎందరో ఉన్నారు. కానీ తరతరాలుగా తక్కువచూపుకు గురైన ఒక ఆచారానికి, ఊరి చివర శ్మశానంలో జరిగే ఆ మట్టి పనికి, అబ్రాహాము నాటి గౌరవం ఉందని ఒక జనం కనుగొనడం రుజువులతో తేల్చే విషయం కంటే పెద్దది.

డి పైవా ప్రాణం తీసిన జబ్బు పట్టుకున్నది గోల్కొండ గనుల దగ్గర. వాటిలో ప్రసిద్ధమైన కొల్లూరు, ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 60,000 మంది పనిచేస్తున్నారని రాసిన ఆ గని ప్రదేశం, పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. ముత్యాలపేట వీధిలో పగడం అమ్మేవారు లేరు. గోల్కొండ వజ్రాల చరిత్రలో మద్రాసు వైపు మిగిలిన సాక్ష్యాలలో లాయిడ్స్ రోడ్డు రాళ్ళు ముఖ్యమైనవి, కాబట్టి వాటి మీది హీబ్రూ, పోర్చుగీసు రాతలను తెలుగులోకి తెచ్చి ప్రచురించడం తెలుగు చరిత్రకారుల పని. తిరువళ్ళూరు నుంచో తిరుత్తణి నుంచో చెన్నైకి వెళ్ళే పాఠకులు ఆ ఆవరణ దగ్గర ఆగితే, పూలు తీసుకువెళ్ళనవసరం లేదు. యూదుల వాడుక ప్రకారం సమాధి మీద ఒక చిన్న గులకరాయి పెడితే చాలు, ఎవరో వచ్చి చూశారని అది చెబుతుంది.